మేఘపేటిక: కానరాని కణముల జాడలు

గోలీసోడా నెరుగని విద్యార్థి మన దేశమున నుండడు. అంగడివాడు గోలీని లోనికి నొక్కగానే కీచుమని చప్పుడగును. ఆ వెంటనే సీసా మెడయందు తెల్లని పొగవంటిది పుట్టి, రెప్పపాటులో మాయమగును. ఆ పొగ యేమి? నిప్పు లేనిదే పొగ రాదందురు. ఇచట నిప్పు లేదు. పలువురు దానిని సోడాలోని గ్యాసే యనుకొందురు. కాని యా గ్యాసు, అనగా బొగ్గుపులుసుగాలి, రంగు లేనిది, కంటికి కనబడదు. సీసా మెడలో మనము చూచినది మేఘము. కొండమీది మేఘమునకును దీనికిని పరిమాణముననే గాని జాతియందు భేదము లేదు.

ఇట్టి చిన్న మేఘమును గాజుపెట్టెలో పుట్టించి, పరమాణువులనుండి వెడలు కణముల త్రోవలను కంటికి కనబడునట్లు చేసిన పరికరమొకటి కలదు. దానిని ఇంగ్లీషువారు క్లౌడు చాంబరు అందురు. మేఘపేటిక యని మేము తెనిగించుచున్నాము. ఇరువదవ శతాబ్దమున పరమాణువును గూర్చి మానవుడు నేర్చిన పాఠములలో కొన్ని ముఖ్యమైనవి యీ పేటికలోనే చదువబడినవి. కణమును చూచితిమని శాస్త్రజ్ఞులు చెప్పునప్పుడు వారు నిజముగా చూచినదేమి, ఆ మాట చెప్పుటకు వారికిగల యాధారమేమి యనునది విద్యార్థులు తెలిసికొనదగినది గనుక దీనిని వ్రాయుచున్నాము.

సోడాసీసాలో జరిగినదానిని మొదట విచారింతము. లోపల అదిమియుంచబడిన వాయువు గోలీ తొలగగానే ఒక్కుమ్మడి వ్యాపించును. వ్యాపించుటకు చుట్టునున్న గాలిని త్రోసివేయవలెను, ఆ పనికి కావలసిన శక్తిని తన వేడిమినుండియే తీసికొనును, కావున చల్లబడును. సైకిలు పంపుతో గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట యందరును చూచినదే. ఇది దానికి తలక్రిందులు. వెచ్చని గాలి నీటియావిరిని ఎక్కువగా ఇముడ్చుకొనగలదు. చల్లని గాలి అంతగా ఇముడ్చుకొనలేదు. గాలి హఠాత్తుగా చల్లబడినచో అందులోని యావిరి దాని తాహతుకు మించినదగును. మించిన యావిరి నీటిబిందువులుగా మారవలెను.

మారవలెనంటిమి గాని, మారితీరునని యనలేదు. కిటుకంతయు ఇచటనే యున్నది. ఆవిరి బిందువుగా మారుటకు ఏదైన నొక ఆధారము కావలెను. చల్లని నీరు పోసిన ఇత్తడిచెంబు వెలుపల చెమర్చును గదా. అచట చెంబే ఆధారము. నడియాకాశమున చెంబులు లేవు. అచట ధూళికణములు, పొగనుసి, సముద్రపు తుంపరలు ఎండగా మిగిలిన ఉప్పురేణువులు ఆ పని చేయును. ఫ్రాన్సుదేశమున కూలియే యనునతడు 1875లోను, స్కాట్లండులో జాన్ ఐట్కెను 1880 ప్రాంతమునను, వడియగట్టి ధూళి తీసివేసిన గాలిలో మంచు పుట్టుట కష్టమని ప్రయోగములచే చూపిరి.

ఆధారమెందులకని యడుగవచ్చును. బిందువు మిక్కిలి చిన్నదైనచో దాని పైతలము మిక్కిలి వంపుగా నుండును. అట్టి తలమునుండి నీటియణువులు సులభముగా తప్పించుకొనిపోవును. చేరినవానికంటె పోయినవి హెచ్చగుటచే చిన్న బిందువు పుట్టినవెంటనే ఇగిరిపోవును. కొంత పెరిగిన పిమ్మట దానికి భయము లేదు. తొలిగండము గడుచుటకే ధూళికణము తోడ్పడును. ఆవిరి మొదటినుండియే కొంత పెద్ద తలముమీద పేరుకొనును గనుక.

ఇంతవరకు ఇది వాతావరణశాస్త్రమునకు సంబంధించిన విషయము. దీనిని పరమాణువుల దగ్గరకు తెచ్చినవాడు చార్లెసు థామ్సను రీసు విల్సను. అతడు 1869 ఫిబ్రవరి 14వ తేదీన స్కాట్లండులో, గొఱ్ఱెలను పెంచు నొక రైతు ఇంట పుట్టెను. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. కుటుంబము మాంచెస్టరునకు తరలిపోగా అచటను, పిదప కేంబ్రిడ్జిలోను చదివెను. 1894 సెప్టెంబరులో రెండువారములు బెన్ నెవిసు పర్వతశిఖరముమీది వాతావరణ పరిశోధనాలయమున పనిచేసెను. బ్రిటిషు దీవులలో అదియే యెత్తైన కొండ. ఎత్తు 1,345 మీటర్లు. మన హిమాలయముల నెరిగినవారికి అది పెద్ద కొండగా తోచదు. అయినను దాని శిఖరము తరచు మబ్బులో మునిగియుండును. సూర్యుడు వెనుకనుండగా, ఎదుటి మబ్బుమీద మనుష్యుని నీడ పడి, ఆ నీడ చుట్టు రంగురంగుల వలయములు కనబడుట విల్సను చూచెను. ఆ రంగులను ప్రయోగశాలలో తాను పుట్టింపవలెనని అతనికి కోరిక కలిగెను. పరమాణువును గూర్చిన ఆలోచన అప్పటి కతని మనసున లేదు.

మరుసటి సంవత్సరము కేంబ్రిడ్జిలోని కేవెండిషు ప్రయోగశాలలో గాజుపాత్రను స్వయముగా ఊది తయారుచేసికొని, అందులో తేమగాలి నుంచి, ఒక్కసారిగా వ్యాపింపజేసి మేఘములు పుట్టించెను. ప్రతిమారును బిందువులు ధూళిని తీసికొని క్రిందపడును గనుక కొన్నిమార్లు చేయగా గాలి నిర్మలమగును. ఇక మేఘము పుట్టదు. ఐట్కెను చెప్పినదే నిజమాయెను. అయితే విల్సను అంతటితో నిలువలేదు. వ్యాపకమును ఇంకను పెంచి చూచెను. గాలి పరిమాణము ఒకటికి ఒకటింపాతిక యగువరకు, అనగా 1.25 రెట్లగువరకు, వ్యాపింపజేయగా ధూళి లేని గాలిలో సైతము కొద్ది బిందువులు కనబడెను. మరల చేసెను, మరల కనబడెను. ఎన్నిమార్లు చేసినను ఆ కొద్ది బిందువులు తరుగవు, పెరుగవు. ధూళియైనచో ఒకటి రెండు మార్లకే తీరిపోవలెను. ఇవి ధూళి కాదు. ఆ గాలిలో ఏదియో ఎడతెగక పుట్టుచున్నది. 1.38 రెట్లకు మించినచో ఏ యాధారమును లేకయే దట్టమైన మంచు క్రమ్ముకొనెను.

1895 చివర జర్మనీలో రాంట్‌జెను ఎక్సుకిరణములను కనిపెట్టెను. 1896 ఆరంభముననే విల్సను వానిని తన గాజుపాత్రమీద ప్రసరింపజేసెను. మునుపు కొద్ది బిందువులు మాత్రమే పుట్టిన 1.25 వ్యాపకముననే ఇప్పుడు దట్టమైన మేఘము పుట్టెను. ఎక్సుకిరణములు గాలి అణువులనుండి ఎలక్ట్రానులను ఊడగొట్టి, ఆ యణువులను విద్యుదావేశముగలవానిగా చేయును. అట్టివానిని అయానులందురు. ధూళి చేయు పనిని అయాను కూడ చేయగలదని దీనిచే తేలెను. విద్యుదావేశము నీటియణువులను తనవైపు లాగి పట్టియుంచును. దానిచే చిన్న బిందువు తొలిగండమును దాటును.

ఇచట నొక చిత్రమైన సంగతి చెప్పవలసియున్నది. ఏ కిరణమును ప్రసరింపజేయని గాలిలో సైతము కొద్ది అయానులు పుట్టుచునే యున్నవని విల్సను గ్రహించెను గదా. వానిని పుట్టించునదేమి? భూమి వాతావరణమునకు వెలుపలినుండి ఏవైన కిరణములు వచ్చుచున్నవేమోనని అతడు 1901లో ఊహించెను. పరీక్షించుటకు తన పరికరమును స్కాట్లండులో పీబుల్సు దగ్గరనున్న రైలుసొరంగములోనికి రాత్రివేళ తీసికొనిపోయెను. పైనుండి వచ్చు కిరణములైనచో కొండ అడ్డుపడి తగ్గవలెను. తగ్గలేదు. విల్సను ఆ యూహను విడిచిపెట్టెను. 1912లో విక్టర్ హెస్సు బెలూనులో ఎంతో యెత్తునకు పోయి, పైకి పోయినకొలది అయానులు హెచ్చుట కనిపెట్టి, విల్సను విడిచిన ఊహయే సత్యమని స్థాపించెను. వానినే కాస్మికు కిరణములందురు. సొరంగపు ఱాళ్లు సైతము స్వల్పముగా కిరణములు వెదజల్లుటయు, నాటి పరికరము సూక్ష్మభేదములను పట్టజాలకపోవుటయు ఆ రాత్రి ఫలితమునకు కారణములు. ప్రయోగము నిజాయితీగా చేసినవాడు నిజాయితీగా తప్పు త్రోవకు పోవుట శాస్త్రచరిత్రలో అరుదు కాదు.

మేఘముల పనిని విల్సను కొన్నియేండ్లు పక్కనుంచి, 1910 ప్రాంతమున మరల చేపట్టెను. ఈమారు అతని తలంపు వేరు. కణము గాలిగుండ దూసికొనిపోవునప్పుడు త్రోవపొడవున అయానులను విడుచుచు పోవును. అవి చెదరిపోకముందే గాలిని వ్యాపింపజేసినచో ప్రతి యయానుమీద నొక బిందువు ఏర్పడి, త్రోవ యంతయు తెల్లని గీతగా కనబడవలెను గదా! కొత్త పేటికను చేసెను: 16.5 సెంటీమీటర్ల వ్యాసము, 3.4 సెంటీమీటర్ల యెత్తుగల గాజుడిబ్బీ. లోపల జెలాటిను పూత. అడుగుపూతలో నల్లసిరా కలిపెను, నల్లని నేలమీద తెల్లని బిందువులు స్పష్టముగా కనబడుటకు. అడుగుభాగము ముషలకమువలె ఒక్కసారిగా క్రిందికి జారునట్లు అమర్చెను. పాత అయానులను తుడిచివేయుటకు విద్యుద్బలమును, ఫోటో తీయుటకు క్షణికమైన మెరుపును ఏర్పాటుచేసెను. 1911 వసంతమున ఆ పేటికలో కణముల జాడలు మొట్టమొదటిసారి కనబడెను. రేడియమునుండి వెడలు ఆల్ఫాకణముల జాడలు తెల్లని సూదులవలె తిన్నగా నుండెను. ఎక్సుకిరణములచే కదలింపబడిన ఎలక్ట్రానుల జాడలు చిక్కుపడిన నూలుపోగులవలె నుండెను. బెన్ నెవిసుమీది రంగుల వలయములు చూచిన నాటినుండి లెక్కించినచో ఇది పదునారేండ్ల పైమాట. 1927లో విల్సనునకు ఆర్థర్ కాంప్టనుతో కలిపి భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను.

ఆల్ఫాకణము ఎన్ని అయానులను విడుచునో చెప్పిన నీ సంగతి తెల్లమగును. యాబదిలక్షల ఎలక్ట్రానువోల్టుల శక్తిగల ఆల్ఫాకణము మామూలు గాలిలో సుమారు మూడున్నర సెంటీమీటర్లు పోయి ఆగిపోవును. ఆ కొద్దిదూరములోనే లక్షకు పైగా అయానుజంటలను పుట్టించును. అందుచే దాని జాడ లావుగా, దట్టముగా నుండును. వేగముగా పోవు ఎలక్ట్రాను సెంటీమీటరునకు కొన్ని పదులు మాత్రమే పుట్టించును. దాని జాడ సన్నని చుక్కలవరుస. కొయ్యబండి బురదలో పోయినప్పుడు పడు చక్రపుజాడకును, పిట్ట నడచిన జాడకును గల భేదమువంటిదే యిది.

అయితే ఇచట నొకమాట స్పష్టముగా చెప్పవలెను. పేటికలో కనబడునది కణము కాదు. ఆల్ఫాకణము వ్యాసము, అర మిల్లీమీటరు వెడల్పుగల జాడలో పదివేలకోట్ల వంతులకంటెను చిన్నది. గీత కనబడువేళకు కణము ఎప్పుడో ఆగిపోయినది, లేక గాజును చీల్చుకొని వెలుపలికి పోయినది. మనము చూచునది అది పోయిన త్రోవలో మిగిలిన నీటిబిందువులను. ఇసుకలో జాడను చూచి పాము పోయినదనువాడు పామును చూచినవాడు కాడు. అయినను అతని మాట ఉత్త ఊహ కాదు. జాడ వెడల్పునుబట్టి పాము లావును, వంపులనుబట్టి దాని నడకను అతడు చెప్పగలడు. కొందరు అది యే జాతి పామో కూడ చెప్పుదురు.

ఈ పరికరమును దృష్టాంతముగా తీసికొని, కానరాని సంగతులను విశ్వసింపవలెనని బోధించుట ప్రసంగములలో మేము వినియున్నాము. వినుటకు ఇంపైన పోలికయే. కాని మాకది సరిపడినట్లు తోచదు. విశ్వాసము విషయము వేరు; దానిని గాజుపేటికతో తూచనక్కరలేదు. పేటికలోని జాడ నమ్ముమని యడుగదు, పరీక్షింపుమని యడుగును. ఒకడు ఇది ఎలక్ట్రాను జాడ యన్నచో, కాదు, వేరొకటి యని ఇంకొకడు వాదింపవచ్చును. కొలతలు తీసికొని ఇద్దరిలో నెవరిది తప్పో తేల్చవచ్చును. అట్లు తేల్చిన సందర్భములు రెంటిని చెప్పుదుము.

మొదటిది పాట్రిక్ బ్లాకెట్టు చేసినది. ఇతడు మొదటి ప్రపంచయుద్ధమున నౌకాదళమున పనిచేసి, పిదప కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డు శిష్యుడైనవాడు. నైట్రోజనుగుండ ఆల్ఫాకణములను పంపగా హైడ్రోజను కేంద్రకములు, అనగా ప్రోటానులు, వెడలుచున్నవని రూథర్‌ఫర్డు 1919లో ప్రకటించెను. మనుష్యుడు ఒక మూలపదార్థమును మరియొకటిగా మార్చుట అదియే మొదలు. కాని లోపల జరిగినదేమి? ఆల్ఫాకణము నైట్రోజను కేంద్రకమును కొట్టి, అందులోని ప్రోటానును ఊడగొట్టి, తన త్రోవను తాను పోయెనా? లేక ఆ కేంద్రకములో తానే కలిసిపోయెనా? ఊడగొట్టి పోయినదైనచో తాకినచోటినుండి మూడు జాడలు వెడలవలెను: ఆల్ఫాకణముది, ప్రోటానుది, దెబ్బతిన్న కేంద్రకముది. కలిసిపోయినదైనచో రెండే.

ప్రశ్న తేలికగా అడుగవచ్చును, జవాబు దుర్లభము. అట్టి తాకుడు లక్షలలో నొకటి రెండుమార్లు మాత్రమే జరుగును. బ్లాకెట్టు పేటికను యంత్రబద్ధముచేసి, కొద్ది క్షణముల కొకమారు దానంతట అదియే వ్యాపించి ఫోటో తీసికొనునట్లు అమర్చెను. ఒక్కొక్క సంఘటనమును రెండు ప్రక్కలనుండి చిత్రించుటచే జాడల కోణములను కొలుచుటకు వీలాయెను. 1925లో అతడు ఫలితములను ప్రకటించెను. తీసిన ఫోటోలు సుమారు 23,000. వానిలో ఆల్ఫాకణముల జాడలు నాలుగు లక్షలకు పైగా. ఆ నాలుగు లక్షలలో తాను వెదకుచున్న రీతి చీలికలు ఎనిమిది. ఎనిమిదింటను వెడలిన జాడలు రెండేసి మాత్రమే. మూడవది ఎందులోను లేదు. ఆల్ఫాకణము కేంద్రకములో కలిసిపోయినది. ప్రోటాను వెడలగా మిగిలినది 17 భారముగల ఆక్సిజను. అందరును ఊడగొట్టుట యని యెంచినది నిజముగా కూర్చుటయైనది. పరీక్షలో నాలుగు లెక్కలు చేయగనే కలము క్రిందబెట్టు మన విద్యార్థులు ఆ 23,000 ఫోటోలను ఒక్కొక్కటిగా పరికించినవాని యోపికను తలచుకొందురుగాక!

రెండవది కార్ల్ ఆండర్సను అమెరికాలోని పాసడీనాలో 1932 ఆగస్టు 2వ తేదీన తీసిన ఫోటో. అతడు కాస్మికు కిరణములను పరిశోధించుచు పేటికను బలమైన విద్యుదయస్కాంతము నడుమ నుంచెను. అయస్కాంతక్షేత్రమున విద్యుదావేశముగల కణము త్రోవ వంగును. ఋణావేశము ఒక ప్రక్కకు, ధనావేశము వేరొక ప్రక్కకు వంగును. మెల్లగా పోవునది ఎక్కువగా, వేగముగా పోవునది తక్కువగా వంగును. కొన్ని జాడలు ఎలక్ట్రాను జాడలవలెనే సన్నగా నుండియు, వ్యతిరేకదిశకు వంగియుండుట ఆండర్సను చూచెను. ధనావేశముగల ఎలక్ట్రానులా? తొందరపడరాదు. పైనుండి క్రిందికి పోవు ధనకణమును, క్రిందినుండి పైకి పోవు ఋణకణమును ఒకే ప్రక్కకు వంగును. నిశ్చలమైన ఫోటోలో కణము ఎటునుండి ఎటు పోయినదో యెట్లు తెలియును? జాడకు తల యేదో తోక యేదో వ్రాసియుండదు గదా.

దీనికి ఆండర్సను చేసిన యుపాయము మిక్కిలి సులభమైనది. పేటిక నడుమ 6 మిల్లీమీటర్ల మందముగల సీసపు పలకను అడ్డముగా నుంచెను. పలకను చీల్చుకొనిపోయిన కణము కొంత శక్తిని కోల్పోవును. ఆవలి ప్రక్కను మెల్లగా పోవును. కావున ఎక్కువగా వంగును. ఎటుప్రక్క వంపు ఎక్కువయో అటువైపే కణము పోయినదని యర్థము. ఆ దినపు ఫోటోలో పలకకు పైప్రక్కను వంపు ఎక్కువ. కాస్మికు కిరణములు సాధారణముగా పైనుండి వచ్చును. ఈ కణము మాత్రము క్రిందినుండి పైకి పోయినది! శక్తి క్రింద 6.3 కోట్ల ఎలక్ట్రానువోల్టులు, పైన 2.3 కోట్లు. దిశ తెలిసెను గనుక ఆవేశమును తెలిసెను: అది ధనావేశము.

అంతమాత్రమున వాదము ముగియలేదు. ధనావేశముగల కణము అప్పటికే తెలిసినది, ప్రోటాను, కలదు గదా. ఇది ప్రోటాను ఏల కారాదు? పలకకు పైన అంతగా వంగిన ప్రోటాను చాల మెల్లగా పోవునదై, అర సెంటీమీటరులోనే ఆగిపోవలెను. దాని జాడ లావుగా కూడ నుండవలెను. ఫోటోలోని జాడ సన్నగా నుండి ఐదు సెంటీమీటర్లకు పైగా పోయినది. పదిరెట్లు తేడా! కావున అది ప్రోటాను కాదు; ఎలక్ట్రానువలె తేలికయై ధనావేశముగల కొత్తకణము. దానికి పాజిట్రాను అను పేరు కలిగెను. అట్టి కణముండవలెనని డిరాకు 1931లోనే గణితముచే సూచించియుండెను. ఆండర్సనునకు 1936లో నోబెలు బహుమానము లభించెను. ఒక్క సీసపు పలక లేకున్నచో ఆ ఫోటో ఉత్త ముచ్చటగా మిగిలిపోయెడిది.

1932లోనే కేంబ్రిడ్జిలో బ్లాకెట్టును, ఇటలీనుండి వచ్చిన ఒక్కియాలీనియును మరియొక మంచి పద్ధతి కనిపెట్టిరి. పేటికకు పైనను క్రిందను కణమును పసిగట్టు గొట్టములను ఉంచి, ఆ రెంటిలోను ఒకేసారి కణము పోయినప్పుడు మాత్రమే పేటిక వ్యాపించునట్లు చేసిరి. అంతకుముందు గుడ్డివాని వేటువలె ఫోటోలు తీయుచుండిరి. ఇప్పుడు కణమే తన ఫోటోను తాను తీసికొనుట యారంభించెను. మ్యూయాను అను కణము 1936-37లోను, రోచెస్టరు, బట్లరు అనువారు చూచిన వింత కణములు 1947లోను పేటికలోనే బయటపడెను.

మన దేశీయులును ఈ విద్యలో వెనుకబడలేదు. కలకత్తానుండి జర్మనీకి పోయిన దేవేంద్రమోహన వసు మొదటి ప్రపంచయుద్ధకాలమున బెర్లినులో రెగెనరు ప్రయోగశాలలో మేఘపేటికను నిర్మించి, ఆల్ఫాకణముల తాకుడుచే ఎగిరిన ప్రోటానుల జాడలను చిత్రించెను. ఆయన కలకత్తాకు తిరిగివచ్చిన పిమ్మట ఆయనయొద్ద పరిశోధన చేసిన విభా చౌధురి, మాంచెస్టరులో బ్లాకెట్టు ప్రయోగశాలకు పోయి కాస్మికు కిరణముల జల్లులను పరిశోధించెను. ఈమె పేరు మన బాలికలకు తెలిసియుండవలసినంతగా తెలియదు.

1952లో గ్లేజరు బుద్బుదపేటికను కనిపెట్టిన పిదప పరిశోధకులు మేఘపేటికను క్రమముగా విడిచిరి. విల్సను మాత్రము మేఘములను విడువలేదు. ఉరుముమేఘములలోని విద్యుత్తును గూర్చి యతడు 1956లో, ఎనుబదియేడేండ్ల వయసున, ఒక పరిశోధనవ్యాసమును ప్రకటించెను. 1959 నవంబరు 15వ తేదీన స్వదేశముననే కన్నుమూసెను.

ఇక పాఠశాలలో చేసికొనదగిన పేటికను గూర్చి వ్రాయుదుము. విల్సను పేటిక వ్యాపించిన క్షణముననే జాడలను చూపును, మరల సిద్ధపరుపవలెను. 1930-40 దశకమున లాంగ్స్‌డార్ఫు ఏర్పరచిన మరియొక రీతి పేటిక ఎడతెగక పనిచేయును; అందులో ముషలకము లేదు. పైభాగము వెచ్చగా, అడుగు మిక్కిలి చల్లగా నుంచుటయే దాని రహస్యము. పైనుండి ఆవిరి మెల్లగా దిగి, అడుగుదగ్గర చల్లబడి, తాహతుకు మించిన స్థితిలో నిలిచియుండును.

చేపలనుంచు గాజుతొట్టి నొకదానిని తీసికొనవలెను. దాని యడుగున మందమైన కంబళిముక్కను గట్టిగా అంటించి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో బాగుగ తడిపి, తొట్టిని బోర్లించవలెను. అప్పుడు కంబళి పైకప్పున నుండును. నల్లరంగు పూసిన లోహపు పళ్లెముమీద తొట్టిని బోర్లించి, అంచులను గాలి దూరకుండ మూయవలెను. పళ్లెము క్రింద పొడిమంచును, అనగా గడ్డకట్టిన బొగ్గుపులుసుగాలిని, పరువవలెను. దాని చల్లదనము సున్నకు దిగువ 78 డిగ్రీలు. గదిని చీకటిచేసి, ప్రక్కనుండి టార్చిదీపపు వెలుతురును పళ్లెమునకు కొంచెముపైగా ప్రసరింపజేయవలెను. మొదట సన్నని వాన తుంపర మాత్రమే కనబడును. పది పదునైదు నిమిషములు ఓపికపట్టవలెను. పిదప పళ్లెముమీద కొద్దిమందపు పొరలో తెల్లని గీతలు ఒకటి తరువాత నొకటి తోచి, చెదరి, క్రిందికి దిగిపోవుచుండును.

పొడిమంచును వట్టిచేతితో ముట్టరాదు; చర్మము కాలినట్లు పొక్కును. దానిని మూతబిగించిన సీసాలో నుంచరాదు, సీసా పేలును. గది కిటికీలను తెరచియుంచవలెను, లేకున్న ఆ వాయువు నేలబారున నిండును. ఆల్కహాలు మండునది గనుక అగ్గిపెట్టె, కొవ్వొత్తి దరికి రాకూడదు. ఉపాధ్యాయుడు లేనిదే చేయవద్దు.

రేడియమువంటి పదార్థము కావలెనా యని కొందరు భయపడుదురు, అక్కరలేదు. సముద్రమట్టమున ప్రతి చదరపు సెంటీమీటరుగుండ నిమిషమున కొకటి చొప్పున మ్యూయానులు ఎల్లవేళల దూసికొనిపోవుచున్నవి. మీరిది చదువునంతసేపును చాచిన మీ యరచేతిగుండ క్షణమున కొకటికి తక్కువ కాకుండ పోవుచునే యున్నవి. గాలిలో కొద్దిగా నుండు రేడాను వాయువునుండి ఆల్ఫాకణములును వెడలును. పూర్వకాలపు పెట్రోమాక్సు మేంటిళ్లలో థోరియము ఉండెడిది. ఇప్పటివానిలో కొన్నిట లేదు. ఆ థోరియము మోనజైటు అను ఇసుకనుండి వచ్చును. మన భీమునిపట్టణపు సముద్రతీరపు ఇసుకలో సైతము మోనజైటు కలదు. మేంటిలును వాడినచో కాల్చనిదానిని ప్లాస్టికు సంచిలో మూసి యుంచవలెను. దాని బూడిదను పీల్చుట హానికరము. అయితే సంచిలోనుండి ఆల్ఫాకణములు వెలుపలికి రావు, ఎలక్ట్రానులే వచ్చును.

జాడలను పోల్చుకొను విధము: పొట్టిగా, లావుగా, తిన్నగా నున్నవి ఆల్ఫాకణములవి. పొడవుగా, సన్నగా, తిన్నగా నున్నవి చాలవరకు మ్యూయానులవి. సన్నగా నుండి వంకరటింకరగా తిరుగునవి మెల్లని ఎలక్ట్రానులవి. మ్యూయానులు ఎక్కువగా నిలువున వచ్చునవి గనుక, పలుచని పొరను అడ్డముగా దాటి చిన్న చుక్కవలె కనబడిపోవును. పొడవైన జాడ పడవలెనన్న అది ఏటవాలుగా రావలెను. అందుచే లెక్కకు వచ్చునవి నిజముగా పోవువానికంటె తక్కువ. విద్యుదావేశము లేని న్యూట్రానువంటివి జాడ నేమియు విడువవు. అవి వేరొక కేంద్రకమును తాకి కదలించినప్పుడు ఆ కేంద్రకపు జాడయే కనబడును.

కాగితముమీద నాలుగు గడులు గీచికొని, మూడింట పై మూడు రకములను, నాలుగవదానిలో ఏదో తేలనివానిని, ఐదేసి నిమిషములు ఇద్దరు విద్యార్థులు వేరువేరుగా లెక్కవ్రాయవలెను. తరువాత రెండు కాగితములను పోల్చి చూడవలెను. లెక్కలు కలియనిచోట గట్టిగా నమ్మినవాని మాటను గాక, మరల లెక్కించుటయే మేలు. జాడలు పలుచబడినచో కంబళి ఆరినదని తెలిసికొని, దానిని మరల ఆల్కహాలుతో తడిపి, అంచులు మూసి, ఇంకొక పది నిమిషములు కదలింపక యుంచవలెను.